తెల్లచీర పెళ్ళికూతురు

ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో నాకు ఏదీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. భాష రాక కాదు. తెనాలిలో మిషన్ స్కూల్లో పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని. మాట తెలిసేది, ఆ మాట అన్న మనిషి ఏమనుకుంటున్నాడో తెలిసేది కాదు. పక్కింటి ముసలాయన ఒకరోజు కంచె మీంచి "ఈ ఆర్వో అలా రండి" అన్నాడు. ఆర్వో అంటే మధ్యాహ్నమని ఎవర్నో కనుక్కుని, పిల్లకి కొత్త గౌను తొడిగి, నేను పట్టుచీర కట్టుకుని, డబ్బాలో అరిసెలు పెట్టుకుని వెళ్తే ఆయన నిక్కరుతో కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. లేచి చేతులు తుడుచుకుని, వీళ్ళెందుకొచ్చారా అన్నట్టు చూశాడు. అది పిలుపో, ఊరికే అన్న మాటో నాకు ఇవాళ్టికీ తెలియదు. అరిసెలు మాత్రం ఆనందంగా తిన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పుట్టింట్లో పేరు. అర్థం కాని చోట అది ఇంకా ఎక్కువవుతుంది. నడినెత్తిన ఎండ కాస్తుంటే చెమటలు కక్కుకుంటూ క్రిస్మస్ పాటలు పాడాల్సి వచ్చినందుకు కోపం. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే నాలుగేళ్ళ కూతురి మీద కోపం. "అన్నం తిందువుగాని రావే" అంటే "నాట్ హంగ్రీ" అనేది. అన్నీ అర్థమవుతాయి, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క తెలుగు ఊడిపడదు. ఇక మావారి సంగతి సరేసరి. ఆయన ఇంజనీరు. పొద్దున్నే పెండిల్ హిల్ స్టేషన్లో రైలెక్కితే మళ్ళీ చీకటి పడే వేళకే రావడం. వచ్చి, షూ విప్పుతూ, "నీకు ఊసుపోక ఇలా అవుతోంది" అని తేల్చేసేవారు.

ఊసుపోకపోవడం కాదు. చదివింది చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం. తెనాలిలో మా అక్క వారపత్రికల్లో వచ్చే సీరియల్ కాగితాలు చింపి, వరసలో పెట్టి, దబ్బనంతో కుట్టి, ఓడ పోస్టులో పంపేది. అవి ఏ సముద్రాల మీద తిరిగొచ్చేవో గాని ముందు పంపింది వెనక, వెనక పంపింది ముందు అందేవి. అలిగి పుట్టింటికెళ్ళిన మనిషి తర్వాతి కట్టలో మొగుడికి కాఫీ కలుపుతూ కనిపించేది. ఎప్పుడు రాజీ పడింది, ఎవరు కుదిర్చారు, మధ్య కట్ట వస్తేగాని తెలియదు. మా ఊళ్ళో అయితే ఇలాంటివి నీళ్ళపంపు దగ్గరే తేలిపోయేవి. ఇక్కడ మావారికి చెప్తే పేపరు వెనకనుంచి "ఊఁ" అనేవారు. చదివి ఎవరికీ చెప్పకపోతే నాకు చదివినట్టే ఉండదు, తిన్నా కడుపు నిండనట్టు ఉంటుంది.

అలాంటి రోజుల్లో ప్రీస్కూలు గేటు దగ్గర, షూ వేసుకోనని మొండికేసిన మా పిల్లని "తాట తీస్తాను" అని అరిచాను. నా ముందు నిలబడ్డ పంజాబీ డ్రెస్సు అమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగి పకపకా నవ్వింది. "మా ఆజీ కూడా అట్లనే అంటది!"

అలా దొరికింది నాకు నా స్నేహితురాలు. వాళ్ళది ఫిజీ. చెరుకు తోటల్లో పనికి ఓడెక్కిన వాళ్ళ ముత్తాతలు తెలుగువాళ్ళు. అక్కడ సైన్యం గద్దెనెక్కాక భయపడి, ఇల్లూ వాకిలీ అమ్ముకుని సిడ్నీ వచ్చేశారు. తను, బస్సు నడిపే భర్త, మా పిల్ల ఈడు కొడుకు, అత్తగారు. ఆజీ అంటే వాళ్ళ మాటల్లో నాయనమ్మ. కొడుకు పిలిచేదాన్నిబట్టి ఇంటిల్లిపాదీ ఆవిడని ఆజీ అనే పిలిచేవాళ్ళు. నా స్నేహితురాలికి తెలుగు మాట్లాడటం వంటింటి మేరకి వచ్చు, చదవడం అసలు రాదు. అక్షరాలు చూసి "అన్నీ గుండ్రంగా ఉండాయి, ఏది యాడ మొదలైతదో ఎట్ల తెలుస్తది అక్కా?" అని ఆశ్చర్యపోయేది. తెలుగులో మొదలుపెట్టి, హిందీలోంచి వెళ్ళి, ఇంగ్లీషులో తేలేది. మొదట్లో సగం అర్థం కాక నేను నవ్వి ఊరుకునేదాన్ని. అది కూడా నవ్వేది. తర్వాత తెలిసింది, దానికీ నా మాట సగమే అర్థమయ్యేదని.

వాళ్ళిల్లు మా వెనక వీధిలోనే. ప్రీస్కూలు వదిలాక పిల్లలిద్దరినీ తీసుకుని నేరుగా వాళ్ళ వెనక వరండాలోకి చేరేవాళ్ళం. నేను మెట్టు మీద కూర్చుని పైకి చదివేదాన్ని. అది బియ్యమో పప్పో ముందేసుకుని వినేది. ప్రతి పేజీకీ ఒకటే ప్రశ్న. "ఇది నిజంగా జరిగిందా అక్కా?"

"కాదే, రాశారు."

"మరి నువ్వెందుకు ఏడుస్తాండావు?"

కళ్ళు తుడుచుకుని "నీకు తెలియదులే" అని కసిరేదాన్ని.

ఆజీ మాత్రం వరండా చివర పీట మీద, మాకు వీపు పెట్టి, పెరటివైపు చూస్తూ కూర్చునేది. వినడం లేదన్నట్టు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ అంచులేని తెల్ల నూలుచీరే. చిన్న వయసులోనే భర్త పోయాడట. ఫిజీలో ఇప్పుడు అందరూ అదంతా పట్టించుకోరని, ఎంత చెప్పినా ఈవిడ వినదని నా స్నేహితురాలు విసుక్కునేది. ఆవిడ మొహాన బొట్టు ఉండదు, తల్లో పువ్వు ఉండదు, చేతులు బోసి. మాటా తక్కువే. కాని కథలో మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడని నేను చదివిన రోజున అటు తిరిగే ఉండి, "వాడి చెంప పగలగొట్టే దిక్కు లేదా ఆ ఇంట్లో?" అంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఆ తర్వాత నుంచి నేను కాస్త గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మధ్య కట్ట రానప్పుడు ఏం జరిగుంటుందో నేనూ అదీ పోట్లాడుకుంటే చివరికి తీర్పు చెప్పేది ఆజీయే. "కూతురు ఏడ్చుంటది, తల్లి మెత్తబడుంటది. పద, ముందుకు సదువు." తర్వాత ఆ కట్ట వచ్చి అందులో ఇంకోలా ఉంటే రాసినవాళ్ళకి తెలియదనేది.

ఆ మధ్యాహ్నాలు నాకెంత ఇష్టమో చెప్పడానికి ఇప్పటికీ నాకు సరైన మాట దొరకదు. పొద్దున లేస్తూనే ఈ రోజు ఎంతవరకు చదువుతామా అనుకునేదాన్ని. ఆ దేశంలో నాకంటూ ఉన్నది అదొక్కటే.

పిల్లల ఆటలు పెరట్లో. అక్కడి ఇళ్ళ పెరళ్ళలో బట్టలారేసుకోవడానికి గొడుగులా గిరగిరా తిరిగే ఇనప తీగల చట్రం ఒకటి ఉంటుంది. దాని కింద దుప్పట్లు వేలాడుతుంటే అది ఒకరోజు ఓడ, ఒకరోజు ఆస్పత్రి. మా పిల్ల ఒక పెళ్ళికి వెళ్ళొచ్చాక మాత్రం అది రోజూ పెళ్ళి మండపమే. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఒకమ్మాయి పెళ్ళి, అద్దెకు తీసుకున్న చర్చిలో జరిగింది. మా పిల్ల చిన్న పూలబుట్ట పట్టుకుని పెళ్ళికూతురి ముందు నడిచింది. తెల్ల పట్టుచీర, తల మీద తెల్ల ముసుగు, తెల్లపూలు. పిల్లకి మతి పోయింది. ఇంటికొచ్చి, దిండు గలేబు నెత్తిన వేసుకుని అద్దం ముందునుంచి కదిలితే ఒట్టు.

నా స్నేహితురాలి కొడుకు చూసిన పెళ్ళి వేరు. పెళ్ళికూతురు ఎర్రచీర కట్టుకోవాలని, డోలు మోగాలని వాడి పట్టు. ఎరుపు కాదు తెలుపని దీని పట్టు. జుట్టూ జుట్టూ పట్టుకుని చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. రంగు దీనిష్టం, మోత వాడిష్టం. బకెట్టు బోర్లించి వాడు వాయించేవాడు. డోలువాడూ వాడే, ఫాదరూ వాడే, టాక్సీ డ్రైవరూ వాడే, అవసరాన్నిబట్టి పెళ్ళికొడుకూ వాడే. బట్టల క్లిప్పులు బారుగా నిలబెడితే చుట్టాలు. ఆ మధ్యలో నేను గమనించనిది ఒకటి ఉంది. మా పిల్ల ఆజీ దగ్గరికి పదే పదే వెళ్ళేది. ఆవిడ చీర కొంగు నిమిరేది. "ప్రెటీ" అనేది. ముసలావిడ మీద ప్రేమ కాబోలు అనుకున్నాను.

ఒకరోజు నా చదువు కాగితాలు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాల్సి వచ్చింది, ఇక్కడ టీచరుగా పనికొస్తానో లేదో కనుక్కోవడానికి. పిల్లని వాళ్ళింట్లో వదిలి వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చి తలుపు కొడితే నా స్నేహితురాలు సగం తలుపు తీసి పిల్లని నా చేతికిచ్చింది. నా స్నేహితురాలి కళ్ళు వాచి ఉన్నాయి. "లోపలికి రా అక్కా" అనలేదు. "ఏమైందే?" అన్నాను. "ఏం లేదక్కా, తలనొప్పి" అని తలుపు వేసేసింది. రోజూ టీ తాగించకుండా పంపని మనిషి.

పిల్ల తల తడిగా ఉంది. పొద్దున తలస్నానం చేయించి పంపిన పిల్ల. గౌను మెడ పట్టీకి పసుపు మరక. వెక్కుతోంది.

"ఏం జరిగిందమ్మా?"

"ఆజీ టుక్ మై వెడ్డింగ్ డ్రెస్!"

దానికి పెళ్ళి గౌనంటూ ఏదీ లేదు. సరే, ఆటలో ఏదో అయ్యుంటుంది. "తలెందుకు తడిసింది?" అన్నాను. ఆజీ నీళ్ళు పోసిందట, పసుపుపచ్చ నీళ్ళు, గౌను మీదే. అరిచిందట. ఎందుకు అంటే, పెళ్ళికొడుకు టాక్సీని షార్క్ చేప మింగేసిందట, అందుకని పెళ్ళి ఆలస్యమైందట. నాకు బుర్ర తిరిగిపోయింది. ఇందులో ఏది ఆట, ఏది నిజం? షార్క్ చేప ఆట అయితే పచ్చ నీళ్ళు కూడా ఆటేనా? మరి తడి తల? మెడ మీద పసుపు? ఎన్నిసార్లు అడిగినా ఆజీ, గౌను, నీళ్ళు, షార్క్. ఆ నాలుగూ కలిపి ఒక్క సంగతిగా అల్లడం నా వల్ల కాలేదు.

మర్నాడు నా స్నేహితురాలు ప్రీస్కూలుకి నాకంటే ముందే వచ్చి కొడుకుని దింపి వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ అంతే. గేటు దగ్గర ఎదురుపడితే "పనుందక్కా" అని తలొంచుకుని వెళ్ళింది. వాళ్ళ వెనక వరండా తలుపు మూసి ఉండేది. తీగ మీద ఎప్పుడూ ఆరుతుండే ఆజీ తెల్లచీరలు కూడా కనిపించలేదు. వాటిని ఇంట్లో ఆరేస్తున్నారా? ఎందుకు? ఎవరి కళ్ళ పడకూడదని?

ఏం తప్పు జరిగిందో ఆలోచించి ఆలోచించి తల వాచిపోయింది. వాళ్ళు నీసు తినని రోజున నేను కోడి పులావు పంపానా? దాని తెలుగు విని ఎప్పుడో నవ్వానే, అదా? పోనీ కథలో ఏదైనా దాని మనసుకి గుచ్చుకుందా? అక్క దగ్గరనుంచి కొత్త కట్ట వచ్చింది. విప్పి మొదటి పేజీ చదివాను. ఏం చదివానో తెలియలేదు. మళ్ళీ చదివాను. "నిజంగా జరిగిందా అక్కా" అని అడిగేవాళ్ళు లేని కథ ఎవరిక్కావాలి? మూసి మంచం కింద పడేశాను.

మావారికి చెప్తే, "వెళ్ళి అడుగు, తెలుస్తుంది" అన్నారు. మగవాళ్ళకి అన్నీ ఎంత తేలికో! ఏమని అడగను? నా మనసులో ఒక మాట ఉంది. దాన్ని ఆయనకి కూడా చెప్పలేదు. మా నాన్న చిన్నప్పుడు, మా ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో ఆయనకి గ్లాసు విడిగా పెట్టేవారు. ఆయన కూర్చుని లేచిన అరుగు మీద పసుపు నీళ్ళు చల్లేవారు. ఆయన ఇది మాకు నవ్వుతూనే చెప్పేవాడు. నేను మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. మా పిల్ల ముట్టుకోకూడనిదేదో ముట్టుకుంది. ముసలావిడ నీళ్ళు పోసి కడిగింది. నాలుగూ కలిపితే నాకు తేలింది ఇదే. ఇంత దూరం, ఇన్ని సముద్రాలు దాటి వచ్చాక కూడానా? నమ్మలేను. నమ్మకుండా ఉండనూ లేను. ఒక పూట ఛీ అలా అయ్యుండదనుకునేదాన్ని. ఇంకో పూట, కాకపోతే మరేమిటి అనుకునేదాన్ని. కోపంతో గిన్నెలు ఎత్తేస్తుంటే పిల్ల అడిగేది, "వెన్ ఆర్ వుయ్ గోయింగ్ టు ఆజీస్ హౌస్?"

చివరికి ఒక సోమవారం, పిల్లలిద్దరూ ప్రీస్కూల్లో ఉండగా వాళ్ళ వెనక తలుపు తట్టాను. నా స్నేహితురాలే తీసింది. మంచీ చెడూ లేకుండా అడిగేశాను.

"మా పిల్ల మీ ఇంట్లో ఏం ముట్టుకుందని తలమీద నీళ్ళు పోశారు? మేం అంటరానివాళ్ళమా?"

అది బిక్కమొహం వేసింది. "అంటే ఏందక్కా?"

"ఏది?"

"నువ్వన్న మాట. నాకు తెల్వదు."

నటిస్తోందనుకుని ఇంకా మండిపోయింది నాకు. నిలబడ్డ చోటే, గడప అవతలనుంచే, మా నాన్న గ్లాసు సంగతి చెప్పాను. అది వింటూ వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అవన్నీ ఓడెక్కిననాడే సముద్రంలో పడిపోయినాయంట అక్కా, ఆజీ చెప్తది. ఓడలో అందరికీ ఒక్కటే కుండ, ఒక్కటే బువ్వ. మా ఇంట్లో నీకు గ్లాసు ఎప్పుడన్నా వేరేగా పెట్టినానా?"

పెట్టలేదు. నా గ్లాసులో టీ చల్లారిపోయిందని తన గ్లాసులోంచి పోసేది.

"మరి నీళ్ళెందుకు పోశారే?"

అప్పుడు చెప్పింది. చెప్తూ ఏడ్చింది. ఆ రోజు తను వంటింట్లో ఉందట. మా పిల్ల తీగ మీద ఆరుతున్న ఆజీ చీర లాగి, నెత్తినుంచి కాళ్ళదాకా చుట్టుకుని, తెల్లపూలు ఏరుకొచ్చి తల్లో పెట్టుకుని, ఆజీ పక్కన పీట మీద కూర్చుందట. మనిద్దరం పెళ్ళికూతుళ్ళం అందట. నీ హస్బెండ్ ఏడీ, ఎప్పుడొస్తాడు అని అడిగిందట. ఆజీ కెవ్వున అరిచి చీర లాగేసి, పిల్లని ఎత్తుకుని పరిగెత్తుకెళ్ళి పసుపు కలిపిన నీళ్ళు తలమీంచి పోసిందట.

"ముండమోసిన దాని బట్ట పసిపిల్ల ఒంటి మీదికి వచ్చిందని ఆజీ ఆ దినం బువ్వ తినలేదక్కా. నా శని ఆ బిడ్డకి తగలకూడదు అని ఒకటే ఏడుపు. ఆదివారం మా ఆయనతో కారు తీయించి హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకుపోయింది. నీ బిడ్డ పేరు మీద పూజ చేయించింది. పంతులు గోత్రం అడిగితే మాదే చెప్పింది. మాదేదో మాకే సరిగ్గా తెల్వదు, ఏదో ఒకటి చెప్పింది." ముక్కు చీది, "నా నీడ పిల్ల మీద పడద్దు, కొన్నాళ్ళు ఇంటికి రానీయకు అని నా చేత ఒట్టు పెట్టించుకుంది. నీకు చెప్తే, నా బిడ్డకి అట్లాంటి చీర చుట్టనిస్తారా అని తిడతావని నాకు భయం. నీ కోపం నాకు తెల్వదా?" అంది.

నేను గడప అవతలే నిలబడిపోయాను. ఇన్నాళ్ళు మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. వాళ్ళు మా నుంచి తమని కాపాడుకుంటున్నారని నేననుకున్నాను. ఆవిడ తన నుంచి నా పిల్లని కాపాడుతోంది. మా చర్చి పిల్ల పేరు మీద, తెలిసీ తెలియని గోత్రంతో, అంత దూరం వెళ్ళి పూజ! నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నన్ను చూసి అదీ అలాగే చేసింది. ఆ తర్వాత ఒక్కసారిగా నాకు మా పిల్ల బుర్రలో ఉన్నది అర్థమైంది. అది చూసిన ఒకే ఒక్క పెళ్ళికూతురు తెల్లచీరలో ఉంది. మా పడకగదిలో గోడ మీది ఫొటోలో నేనూ తెల్లచీరలోనే ఉన్నాను. దాని లెక్కన ఆజీ రోజూ పెళ్ళికి ముస్తాబై వరండాలో కూర్చుంటోంది, ఆ పెళ్ళికొడుకే ఎంతకీ రావడం లేదు!

ఉండమని చెప్పి ఇంటికి పరిగెత్తి పెళ్ళి ఆల్బమ్ తెచ్చాను. ఆజీ తన గదిలో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి దోషిలా లేచి నిలబడబోయింది. నేను పక్కన కూర్చుని ఆల్బమ్ ఆవిడ ఒళ్ళో తెరిచాను.

"ఏందిది?"

"నా పెళ్ళి ఆజీ."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఈ పిల్ల నువ్వా? తెల్లచీర ఎవరు కట్టబెట్టినారు నీకు? మీ అత్తా?"

"మా అమ్మే కొంది. గుంటూరు వెళ్ళి, షాపంతా తిరిగి ఏరింది. మాలో పెళ్ళికూతురికి తెలుపే కడతారు ఆజీ."

"కన్నతల్లి కొనిందా, చేతులారా?"

"చేతులారా."

"నీ మొగుడు?"

"ఇదుగో, నా పక్కనే ఉన్నారుగా. నిక్షేపంలా ఉన్నారు. సాయంత్రం వస్తారు, వచ్చి పేపరు చదువుతారు."

ఆజీ పేజీ తిప్పలేదు. ఆ ఫొటోలో నా మొహం మీద వేలు పెట్టింది. ఇంకేదైనా తప్పు చేశానేమోనని నాకు మళ్ళీ భయమేసింది.

"నవ్వతా ఉండావే," అంది. "నాకు ఈ గుడ్డ కట్టబెట్టిననాడు ఒక్కరూ నవ్వలేదు. అప్పటికి నీ ఈడు కూడా లేదు నాకు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా స్నేహితురాలు గుమ్మంలో నిలబడి ఉంది. కాసేపటికి ఆజీ ఆల్బమ్ మూసి నా ఒళ్ళో పెట్టి, "బిడ్డని తీసుకురా" అంది.

ఆవిడ నమ్మకం ఆ ఒక్క ఫొటోతో మారిపోయిందని అనను. చీరలు ఆ తర్వాత కూడా చాలాకాలం ఇంట్లోనే ఆరాయి. మా పిల్లకి ఎంతగా వివరించినా, భర్త ఉన్నవాళ్ళూ తెల్లచీర కడతారు, లేనివాళ్ళూ కడతారు అంటే దానికి మరీ అయోమయంగా ఉండేది. "దెన్ హౌ డు యు నో?" అనేది. నిజమే, ఎలా తెలుస్తుంది? నాకూ తెలియలేదు. మొత్తానికి మేం మళ్ళీ వరండాలోకి చేరాం. మంచం కింది కట్ట బయటికొచ్చింది. ఈసారి ఆజీ పీట మావైపు తిరిగింది.

ఒక మధ్యాహ్నం కథ మంచి పట్టులో ఉంది. పిల్లలు వంటింటి కుర్చీలన్నీ పెరట్లోకి ఈడ్చుకొచ్చి ఒకదాని వెనక ఒకటి పేర్చారు. అది కారట. ఉన్నట్టుండి మా పిల్ల వచ్చి ఆజీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆజీ, ఈజ్ యువర్ హస్బెండ్ కమింగ్ టుడే?"

నా స్నేహితురాలి చేతిలో చేట పక్కకి ఒరిగింది. నేను కాగితాలు పడేసి లేచాను, నా చెయ్యి అప్పటికే లేచింది కూడా. ఆజీ నావైపు చూడకుండానే ఆగమన్నట్టు అరచెయ్యి చూపించింది.

"రాడమ్మా," అంది పిల్లతో. "ఆయన రాడు. నేనే పోవాల ఆయన కాడికి."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "ఇన్ ఎ కార్?"

"ఆఁ, కార్లోనే."

అంతే. పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. ఆజీ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, చీర సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుంది. ముందు కుర్చీలో మనవడు గిన్నె మూత పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మా పిల్ల గడ్డిలోంచి ఒక తెల్లపువ్వు ఏరుకొచ్చి, మునివేళ్ళ మీద నిలబడి, ఆవిడ ముడిలో దోపింది. నా స్నేహితురాలు "అయ్యో" అనబోయి మింగేసింది. ఆజీ చెయ్యి తలమీదికి వెళ్ళింది. పువ్వుని తడిమింది. తీయలేదు. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

వాడు నోటితో ఇంజను మోత మొదలుపెట్టాడు.

"నిమ్మళంగా తోలు నాయనా," అంది ఆజీ. తర్వాత మెడ తిప్పి నన్ను చూసి గదిమింది. "నువ్వెందుకు ఆపినావు? సదువు. ఈ కత అయిందాకా నేను యాడికీ పోను."